గంట ముందు నడిచిన తోడల్లుడు

ఈమధ్య మా వూరి కాఫీ హోటల్లో ఎవరి నోట విన్నా ఒకటే చర్చ. దేశానికి కొత్త రాజ్యాంగం రాస్తున్నారట. అందులో కేంద్ర ప్రభుత్వానికి ఎంత అధికారం ఉండాలి, మద్రాసు లాంటి వాళ్లకు ఎంత వదలాలి అని. ఇడ్లీ చల్లారి రాయైపోతున్నా పట్టించుకోకుండా మిరపకాయల వ్యాపారి ఒకవైపు, ప్లీడరు గుమాస్తా ఒకవైపు చేరి దేశాన్ని చెరో ముక్కా పంచుకుంటారు. చివరికి నావైపు తిరిగి, "మేష్టారూ, మీరేమంటారు?" అని అడుగుతారు. నేను కాఫీ ఊదుకుంటూ కూర్చుంటాను. కేంద్రంతో నాకున్న తగాదా సిద్ధాంతాలకు సంబంధించింది కాదు, కుటుంబ తగాదా. కేంద్రం నాకు తోడల్లుడు.

యుద్ధం రోజుల మాట ఇది. గురజాలకు కూతవేటు దూరంలో ఉన్న మా వూళ్లో నేను బోర్డు స్కూలు హెడ్మాస్టర్ని. అంతకంటే పెద్ద హోదా ఇంకొకటి ఉండేది. వూరికంతటికీ టైము చెప్పేవాణ్ణి నేనే. నా పెళ్లిలో మా మామగారు పెట్టిన జేబుగడియారం ఒకటుంది. చిన్న సైజు అప్పడమంత ఉంటుంది. దాని టిక్కుటిక్కుకు మా ఇంటి చూరులో పిచికలు కాపురం ఎత్తేసి పోయాయి. ఆ గడియారం చూసి నేను స్కూలు ముందు వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొడితే, ఆ చప్పుడుకు వూరు లేచేది, వూరు తినేది, వూరు పొలానికి పోయేది. కరణంగారు సైతం నా గంట వినిపించాకే ఆవలించేవారని చెప్పుకునేవాళ్లు. గడియారం రోజుకు అయిదు నిమిషాలు వెనకపడుతుందన్నది నిజమే. కాని వూళ్లో రెండో గడియారం లేదు కనుక, వెనకపడుతున్నది గడియారమో వూరో తేల్చగలవాడు లేకపోయాడు.

నరసరావుపేటలో మా అత్తవారింట్లో నా వైభవం ఇంకా ఎక్కువ. వాళ్లింట్లో పెళ్లి జరిగితే, పురోహితుడి పక్కన పీట వేసుకుని, గడియారం అరచేతిలో పెట్టుకుని కూర్చునే మనిషి ఒకడుండాలి. సుముహూర్తపు నిమిషం రాగానే "అయింది" అనాలి. ఆ మాట పడితేనే వధూవరులు ఒకరి నెత్తిన ఒకరు జీలకర్రా బెల్లం పెట్టాలి, మేళగాళ్లు డోలు బద్దలుకొట్టాలి. ఆ పీట పెద్దల్లుడిది, అంటే నాది. మండపంలో ఎన్ని వందలమంది ఉన్నా ఆ క్షణంలో అందరూ చూసేది పెళ్లికొడుకు మొహం కాదు, నా నోరు. నేను కొంచెం గొంతు సవరించుకుంటే చాలు, మేళగాడు ఉలిక్కిపడి ఒకటి వాయించేవాడు. అల్లుడిగా పుట్టినందుకు ఇంతకంటే ఏం కావాలి?

అట్లా ఏలుకుంటూ ఉండగా మా వూరికి పోస్టుమాస్టరుగా మా తోడల్లుడు బదిలీ అయి వచ్చాడు.

మా ఆవిడ చెల్లెలి మొగుడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. మాట మెత్తన, దస్తూరి ముత్యాలు. ఎవరు ఏమన్నా నవ్వుతాడు. ఇవన్నీ నేను క్షమించగలిగేవాణ్ణే. కాని అతనిది ఢిల్లీ ఉద్యోగం. నాది జిల్లాబోర్డు. బోర్డు పైన మద్రాసు, మద్రాసు పైన ఢిల్లీ. మేము ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చుని ఒకే పొట్లంలో శనక్కాయలు తింటున్నా, అతను నాకంటే రెండు గవర్నమెంట్ల ఎత్తున కూర్చుని తింటున్నట్టు ఉండేది. అతని జీతం ఒకటో తేదీన వచ్చేది. నా జీతం బోర్డుకు నేను బతికి ఉన్నానని గుర్తొచ్చినప్పుడు వచ్చేది. అతనికి సైకిలు, లక్కముద్ర, ఖాకీ సంచీ మోసే రన్నరు. నాకు సుద్దముక్క. అన్నిటికంటే నన్ను దహించింది వేరే ఉంది. ఆ రోజుల్లో రాజుగారిని ఒక్క మాట అన్నందుకు మంచిమంచి వాళ్లను పట్టుకుపోయి జైల్లో వేస్తున్నారు. మా తోడల్లుడు మాత్రం రోజూ పొద్దున్నే కూర్చుని, తపాలా బిళ్లల మీది రాజుగారి మొహాన్ని నల్లసిరా ముద్రతో దబదబా వందసార్లు గుద్ది, అందుకు జీతం పుచ్చుకునేవాడు.

అయినా టైము నాదేగదా అని సరిపెట్టుకున్నాను. అదీ పోయింది.

యుద్ధం కోసమని దేశంలో గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరపాలని ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ మధ్యనే పోస్టాఫీసు గోడకు గుండ్రటి పెద్ద గడియారం ఒకటి వచ్చింది. మా తోడల్లుడు ముక్కాలిపీట వేసుకుని ఎక్కి, అద్దం తలుపు తీసి, చూపుడు వేలితో ముల్లును మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. వూరంతా నోరు తెరుచుకుని చూసింది. నేనూ చూశాను. వీధి చివర పాలమ్మే ముసలమ్మ అడిగింది:

"ఆ గంట యాడికి పోయింది నాయనా?"

"యుద్ధానికి పోయిందమ్మా," అన్నాడు మా తోడల్లుడు పీట మీంచి.

"మా పెద్దోడు గూడా ఆడికే పోయాడు. కనపడితే జాబు రాయమను."

వెయ్యి మైళ్ల అవతల కూర్చుని, మా వూళ్లో పదకొండింటికే మిట్టమధ్యాహ్నం చేసింది ఢిల్లీ. మద్రాసు గవర్నమెంటు కలెక్టరునూ తహసీల్దారునూ అమీనునూ వెంటబెట్టుకుని వచ్చినా మా కరణాన్ని ఎనిమిదింటికి ముందు లేపలేకపోయింది. ఢిల్లీ ఒక్క వేలితో ఏడింటికి లేపింది. ఆయనకి ఎనిమిదనే చెప్పి. అధికారమంటే అదీ. నాకు ఆ ఢిల్లీ మీద కోపం రాలేదు. నిజం చెప్పుకోవాలంటే అసూయ పుట్టింది. బెత్తం పుచ్చుకుని పదిహేనేళ్లుగా అరుస్తున్నా మూడో తరగతి వాళ్లను గంటకొట్టే వేళకు బళ్లోకి రప్పించలేకపోయినవాణ్ణి, సూర్యుణ్ణే పక్కకు జరిపినవాళ్లను చూస్తే అసూయ కాక ఏం పుడుతుంది?

పత్తి చేలున్న ఆసాములు కూలోళ్లను కొత్త టైముకు రమ్మన్నారు. వాళ్లు పొద్దు చూసుకుని పాత టైముకే వచ్చారు. పాడిగేదెలు ఎవరి ఉత్తర్వులూ అందుకోలేదు. కాని బోర్డు నుంచి నాకు కాగితం వచ్చింది, స్కూలు గంట కొత్త టైము ప్రకారం కొట్టాలని. కొట్టాను. నా జేబులో గడియారాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది పాత టైమే చూపించేది. నేను దాన్ని చూసి, మనసులో ఒక గంట కలుపుకుని, కొత్త గంట కొట్టేవాణ్ణి. మూడేళ్లపాటు అట్లా రెండు కాపురాలు చేశాను. ఇక వూళ్లోవాళ్లు టైము కావాలంటే పోస్టాఫీసు వైపు తల తిప్పడం మొదలుపెట్టారు. సాయంత్రం నాలుగింటికి అతనికి తంతితీగ మీద సరైన టైము దిగుతుందట. నాకు పైనుంచి దిగేది బల్లులే.

ఒకసారి ఉండబట్టలేక అన్నాను:

"తమ్ముడూ, ఇంట్లోనైనా పాత టైము పెట్టుకోరాదూ? పిల్లలు ఆకలి గాకుండానే అన్నం తింటున్నారు."

"ఢిల్లీ పెట్టిన ముల్లు అన్నయ్యా. దాన్ని వెనక్కి తిప్పడానికి నాకేం అధికారం ఉంది?" అని నవ్వాడు.

ఆ మాట నా గుండెలో మేకులా దిగింది. అతని వినయం కూడా ఢిల్లీ నుంచి దిగుమతి అయినట్టుంది.

కొత్త టైము వచ్చిన మరుసటి వేసవిలో మా మామగారు మూడో అమ్మాయి పెళ్లి పెట్టుకున్నారు. సిద్ధాంతిగారు పంచాంగం చూసి, పగలు పది గంటల ఇరవై నిమిషాలకు ముహూర్తం రాశారు. అమ్మాయి జాతకానికి ఆ ఏడాది కుదిరింది ఆ ఒక్కటే. అది దాటితే మళ్లీ శ్రావణం దాకా లేదని, అప్పటిదాకా పెళ్లికొడుక్కి సెలవు దొరకదని మామగారు నెల రోజుల ముందునుంచీ అందరికీ చెబుతూనే ఉన్నారు.

మేము రెండు కుటుంబాలూ బొగ్గు బస్సులో బయలుదేరాం. యుద్ధకాలంలో పెట్రోలు లేక, బస్సు వెనక ఒక పొయ్యి కట్టి బొగ్గు మంటతో నడిపించేవాళ్లు. ఎత్తు వస్తే దిగి నడవాలి, ఇంకా ఎత్తు వస్తే దిగి తొయ్యాలి. మా ఇంటి దగ్గర ఇస్త్రీ పంచెతో ఎక్కినవాణ్ణి నరసరావుపేటలో కాటికాపరి వేషంతో దిగాను. మా తోడల్లుడు అదే బస్సులో వచ్చి తెల్లగా దిగాడు. ఢిల్లీ ఉద్యోగాలకు మసి కూడా అంటదు కాబోలు.

ఆ సాయంత్రం మామగారు పందిట్లో అందరిముందూ ప్రకటించారు:

"ఈసారి గడియారం చిన్నల్లుడుగారు పట్టుకుంటారు. ఆయన టైము ఢిల్లీ నుంచి వస్తది. నిమిషం తేడా రాదు."

నావైపు తిరిగి, "పెద్దల్లుడుగారు వంటల దగ్గర కాస్త అజమాయిషీ చూడాల," అన్నారు.

వంటల దగ్గర. గుమ్మడికాయల పక్కన. నవ్వాననే అనుకుంటున్నాను. నా నవ్వు చూసి పక్కనున్న పసిపిల్ల ఏడుపు లంకించుకుంది. గదిలోకి పోయాక మా ఆవిడ అంది:

"ఏందండీ ఆ మొహం? ఒక్క పెళ్లికి గడియారం పట్టకపోతే కొంపలంటుకుంటాయా?"

"నాకేం. నేనసలు ఆ పీట కోసం ఎప్పుడన్నా అడిగానా?"

"అడగలా. ప్రతి పెళ్లికీ నెలముందు నుంచి అద్దం ముందు నిలబడి 'అయింది' 'అయింది' అనుకుంటా తిరిగింది ఎవురో మరి."

ఆ రాత్రి పడుకుంటే ఒక సంగతి తట్టింది. పంచాంగం రాసింది పాత టైము. అతని కోటు జేబులోని గడియారం ఢిల్లీ టైము. అది పది ఇరవై చూపించేసరికి అసలు టైము తొమ్మిది ఇరవై. అంటే గంట ముందే "అయింది" అంటాడు. పిల్లకు ముహూర్తం తప్పుతుంది. ఢిల్లీ పెట్టిన ముల్లును అతను వెనక్కి తిప్పడని అతని నోటే విన్నాను గదా.

మామగారిని లేపి చెబితే సరిపోయేది. కాని చెబితే ఏమవుతుంది? అతను ఒక గంట తీసేసి లెక్కపెట్టుకుని, అదే పీట మీద, అదే గడియారంతో కూర్చుంటాడు. చెప్పకుండా ఊరుకుంటే ఢిల్లీ పరువు నరసరావుపేట నడివీధిలో పడుతుంది. కాని పందిట్లో కూర్చునేది మా మరదలు. నా చేత ఎక్కాలు నేర్చుకున్న పిల్ల. నడిరాత్రి దాటేదాకా దొర్లి, మధ్యేమార్గం కనిపెట్టాను. ఎవరికీ తెలియకుండా నేనే అతని గడియారాన్ని గంట వెనక్కి తిప్పేస్తాను. ముహూర్తం నిలుస్తుంది. భోజనాల దగ్గర మెల్లగా ఈ సంగతి బయటపెడతాను. ఢిల్లీ కూల్చబోయిన పెళ్లిని బోర్డు స్కూలు మేష్టరు నిలబెట్టాడని పేటంతా చెప్పుకుంటుంది. ఆ వైభవం తల్చుకుంటేనే నాకు కళ్లు చెమర్చాయి. అట్లాగే నిద్రపట్టింది.

పొద్దున అతను స్నానానికి పోయాడు. కోటు కొక్కేనికి వేలాడుతోంది. జేబులో చెయ్యి పెట్టి గడియారం తీశాను. నా గడియారం అవతల గదిలో దిండు కింద ఉంది. నేను చూసింది ముళ్లను కాదు, తలుపును. ఎవరైనా వస్తారేమోనని తలుపు మీదే కళ్లుంచి, పెద్ద ముల్లును ఒక పూర్తి చుట్టు వెనక్కి తిప్పి, గడియారం జేబులో వేసి బయటపడ్డాను. నా గుండె కొట్టుకున్న చప్పుడుకు నూతి దగ్గర అతను, "ఎవురో తలుపు కొడుతున్నట్టుంది చూడండి," అన్నాడంటే నమ్మండి.

పెళ్లి మొదలైంది. గాలి జొరబడకుండా దట్టంగా తాటాకు కప్పిన పందిరి. పొద్దు ఎక్కడుందో ఎవరికీ కనబడదు. పెళ్లికొడుకు చేతికి మామగారు పెట్టిన కొత్త వాచీ ఉంది కాని, దానికి ఇంకా ఎవరూ కీ ఇవ్వలేదు. మా తోడల్లుడు నా పీట మీద, అరచేతిలో గడియారంతో కూర్చున్నాడు. నేను గుమ్మడికాయ ముక్కల్ని వదిలేసి వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాను. నా జేబుగడియారం తీసి చూస్తే పది.

సిద్ధాంతిగారు అడిగారు: "టైమెంతయింది నాయనా?"

"ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది పంతులుగారూ," అన్నాడు మా తోడల్లుడు.

"అట్టయితే గౌరీపూజ నింపాదిగా చేయిద్దాం."

నాకు ఒక్కక్షణం ఏమీ అర్థం కాలేదు. వంగి అతని అరచేతిలోకి చూశాను. తొమ్మిది. నాది పది, అతనిది తొమ్మిది. నేను రెండు చుట్లు తిప్పానా? లేదు. ఒక్కటే తిప్పాను. అంటే నేను ముట్టుకునేసరికే అది పాత టైములో ఉంది. అతనే పొద్దున్నే ముల్లును వెనక్కి జరిపి పెట్టుకున్నాడు. దానిమీద నేను ఇంకొక గంట పీకాను. గంటా ఇరవై నిమిషాల తరవాత ఈ గడియారం పది ఇరవై అని చెప్పేసరికి ముహూర్తం దాటి వినుకొండ కొండ ఎక్కి కూర్చుంటుంది.

ఒళ్లంతా చెమటలు. అవి కారి కారి నా పక్కనున్న పందిరి గుంజ మొదలు వదులైంది. మామగారి దగ్గరికి పోయి చెవిలో చెప్పాను:

"మావయ్యా, ముహూర్తం దగ్గరపడింది. నా గడియారంలో పది దాటింది."

ఆయన నా మొహం కూడా చూడలేదు. "అల్లుడుగారూ, చిన్నల్లుడుగారంటే మీకు గిట్టదని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇయ్యాల ఒక్కరోజు ఓపిక పట్టండి. వంటకాడ పులిహోర సంగతి ఏంది?"

మా ఆవిడ దగ్గరికి పోయాను. "మీ గడియారం ఎన్నడన్నా సరిగ్గా నడిచిందా?" అంది. పది గంటల పదకొండు నిమిషాలు. సిద్ధాంతిగారు గౌరీదేవికి ఒక్కో పువ్వూ తడిమి తడిమి వేస్తున్నారు. పసుపుబట్టల్లో మా మరదలు తల వంచుకుని కూర్చుంది. మధ్యలో తలెత్తి నన్ను చూసి, "బావా, ఇంకెంతసేపు?" అన్నట్టు కళ్లతోనే అడిగింది.

పది గంటల పదహారు నిమిషాలు. నా గడియారం వెనకపడే గడియారం. రాత్రి కీ ఇచ్చినప్పటినుంచి ఎంత వెనకపడిందో కూడా తెలియదు. నా మాట ఎవరూ నమ్మరు. నమ్మేది ఒక్క మాటే. ఆ మాట అంటే ఈ జన్మలో ఈ ఇంట్లో నాకు పీట ఉండదు, వంటల దగ్గర కూడా ఉండదు.

మేళగాళ్ల ముందుకు వచ్చి నిలబడి అన్నాను: "తమ్ముడూ, నీ గడియారం గంట వెనక ఉంది. పొద్దున నువ్వు స్నానానికి పోయినప్పుడు నేనే తిప్పాను."

సన్నాయి వాయించేవాడు ఊపిరి తీసుకోవడం మరిచిపోయాడు. మామగారి మొహం ఎర్రబడి, తరవాత తెల్లబడి, తరవాత ఏ రంగూ లేకుండా పోయింది. వెనకనుంచి ఎవరో ముసలాయన, "ఎందుకు తిప్పాడంట?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు పందిట్లో అందరికీ తెలుసు కనుక ఎవరూ చెప్పలేదు.

మా తోడల్లుడు గడియారం వంక చూశాడు, నా వంక చూశాడు. కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేది.

"నేను చూసుకోవాల్సింది. తప్పు నాది," అన్నాడు. పీట మీద నుంచి లేచాడు. "అన్నయ్యా, రాండి. ఇప్పుడు ఈ పందిట్లో సరైన టైము మీ దగ్గరే ఉంది. మీరే చెప్పండి."

నేను కూర్చున్నాను. గబగబా అడ్డుతెర పట్టారు. రెండు నిమిషాలు. వందలమంది నా నోరు చూస్తున్నారు. ఎన్నో పెళ్లిళ్లలో ఆ చూపుల కోసమే బతికినవాణ్ణి, ఆ రోజు నేల చీలితే దూరిపోదామని చూశాను. ముల్లు ఇరవై మీద పడింది. "అయింది" అన్నాను. నాకే వినబడలేదు. సిద్ధాంతిగారు వంగి, "ఏందీ?" అన్నారు. "అయింది," అని మా తోడల్లుడే గట్టిగా అందించాడు. డోళ్లు మోగాయి. మా మరదలు చేతులు పైకెత్తి పెళ్లికొడుకు నెత్తిన జీలకర్రా బెల్లం పెట్టింది.

భోజనాల్లో బంతి బంతికీ ఒకటే మాట. చిన్నల్లుడి గుండె ఎంత పెద్దది, ఎంత ఓర్పు, తప్పు తన మీద వేసుకున్నాడే అని. పెద్దల్లుడి గురించి కూడా అనుకున్నారు గాని, నేను దగ్గరికి రాగానే పప్పు బాగుందని మాట మార్చారు. మామగారు నాతో మాట్లాడలేదు. అలకపాన్పు మీద కొత్తల్లుడు సైకిలు అడిగితే, అందరితోపాటు నేనూ నవ్వబోయి మానుకున్నాను.

మూడోరోజు తిరుగు బస్సు ఎక్కాం. బొగ్గు పొయ్యి రాజుకునేదాకా ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నకరికల్లు దాటాక అడిగాను:

"ఢిల్లీ ముల్లు వెనక్కి తిప్పే అధికారం నీకు లేదన్నావు గదా తమ్ముడూ. మరి ఎందుకు తిప్పావు?"

"పెళ్లి మనింటిది గదన్నయ్యా. ఢిల్లీది కాదు గదా," అన్నాడు. కిటికీలోంచి చూస్తూ మళ్లీ అన్నాడు, "తెల్లారగట్ల లేచాను. మీరు నిద్రలో ఉన్నారు. దిండు కింద మీ గడియారం తీసి, దాన్ని చూసే నాది పెట్టుకున్నాను. పాత టైము సరిగ్గా ఉండేది మన చుట్టాల్లో మీ ఒక్కరి దగ్గరే గదా."

అంటే ఢిల్లీ వచ్చి నా దిండు కిందినుంచి టైము అడిగి పుచ్చుకుపోయింది. మద్రాసుకు దక్కని గౌరవం, జిల్లాబోర్డు కలలో కూడా ఎరగని గౌరవం. మనిషన్నవాడు ఆ మాటకు కరిగిపోవాలి, చెయ్యి పట్టుకోవాలి, క్షమించమని అడగాలి. బస్సు దిగి ఇల్లు చేరేదాకా నేను ఆలోచించింది మాత్రం ఒక్కటే. ఈ ముక్కేదో మొన్న పందిట్లో, మామగారు వింటుండగా, అందరిముందూ ఎందుకు అనలేదా అని.